విద్యార్థి పాలన: ఎన్నిక, ఎంపిక, అభినయం

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఉన్నత పాఠశాలల్లో జరిగే స్వపరిపాలన దినోత్సవం, నమూనా శాసనసభ, క్లబ్బుల ఉద్దేశాలను వివరించగలుగుతారు.
• ఎన్నిక, ఎంపిక, అభినయం అనే మూడింటి మధ్య తేడాను ఉదాహరణలతో చూపగలుగుతారు.
• మీకు తెలిసిన ఒక బడిలోని విద్యార్థి పాలనను కొన్ని ప్రమాణాలతో విమర్శించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

విమర్శ అనగానే మనకు కథ, కవిత, నవల గుర్తుకొస్తాయి. అయితే పాత్రలు, వేషాలు, సంభాషణలు, ప్రేక్షకులు ఉన్న ప్రతిచోటా విమర్శకు పని ఉంటుంది. బడి వార్షికోత్సవంలో వేసిన ఏకపాత్రాభినయం గురించి బాగుందనో బాగాలేదనో మాట్లాడుకుంటాం. పిల్లలు ఒక రోజంతా ప్రధానోపాధ్యాయులుగా, కలెక్టరుగా, శాసనసభ్యులుగా నటించే ప్రదర్శనను మాత్రం చప్పట్లు కొట్టి వదిలేస్తాం. అది ఏం నేర్పుతోంది, ఏం నేర్పకుండా వదిలేస్తోంది అని అడగం. ఈ పాఠంలో ఆ ప్రశ్న అడుగుదాం.

పరిశీలనకు శ్రీశైలం ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుంటున్నాం. 2008 నాటి పునర్విభజనతో ఏర్పడిన శ్రీశైలం శాసనసభ నియోజకవర్గంలో శ్రీశైలం, ఆత్మకూరు, వెలుగోడు, బండి ఆత్మకూరు, మహానంది మండలాలున్నాయి. నంద్యాల, ఆళ్లగడ్డ నియోజకవర్గాలు పక్కనే ఉన్నాయి. క్షేత్రానికి వచ్చే యాత్రికుల మీద ఆధారపడి బతికే కుటుంబాలు, కృష్ణ మీద ఆనకట్ట కట్టే రోజుల్లో పనికి వచ్చి సున్నిపెంటలో స్థిరపడినవారి పిల్లలు, మనవలు, కాలువల కింద సేద్యం చేసే రైతులు, ఆ పొలాల్లో పనిచేసే కూలీలు, నల్లమల గూడేల్లోని చెంచులు అందరూ ఈ ఒక్క నియోజకవర్గంలోనే ఉన్నారు. ఇన్ని రకాల ఇళ్ల నుంచి పిల్లలు వచ్చే చోట, ‘మా అందరి తరఫున ఎవరు మాట్లాడాలి?’ అన్నది తేలిక ప్రశ్న కాదు.

ఈ ప్రశ్న వెనక ఉన్న నష్టాన్ని కూడా మొదట్లోనే గుర్తించాలి. ఆర్థికశాస్త్రవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో ప్రచురించిన పుస్తకంలో ఒక సూత్రం చెప్పాడు. ఒక సంస్థ పనితీరు నచ్చనివాళ్ల ముందు రెండు దారులుంటాయి. ఒకటి నోరు విప్పి చెప్పడం, రెండోది వదిలి వెళ్లిపోవడం. మొదటి దారి మూసుకుపోతే రెండోదే మిగులుతుంది. దీన్ని మన బడికి అన్వయించి చూడండి. మరుగుదొడ్డికి తాళం వేసి ఉందని, వసతిగృహంలో అన్నం ఉడకలేదని, వెనక వరసలో కూర్చున్నవాళ్లకు పాఠం అర్థం కావడం లేదని చెప్పుకునే దారి లేని పిల్లవాడు ఏం చేస్తాడు? సెలవులకు గూడేనికి వెళ్లి మళ్లీ రాడు. రజస్వల అయిన ఆడపిల్ల నెలలో నాలుగు రోజులు మానేసి, చివరికి పూర్తిగా మానేస్తుంది. హాజరు పట్టీలో అది ‘డ్రాపౌట్’గా నమోదవుతుంది. నిజానికి అది వినేవారు లేక ఆగిపోయిన ఫిర్యాదు. విద్యార్థి పాలనను ముచ్చటగా కాక అవసరంగా చూడటానికి కారణం ఇదే.

9.2 స్వపరిపాలన దినోత్సవం: ఒక రోజు ప్రదర్శన

తెలుగునాట చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సందర్భం ఇది. కొన్ని బడుల్లో సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం నాడు, కొన్నింటిలో నవంబరు 14 బాలల దినోత్సవం దగ్గర, మరికొన్నింటిలో పదో తరగతి వీడ్కోలుకు ముందు జరుపుతారు. వారం ముందే పాత్రలు ఖరారవుతాయి. ఆడపిల్లలు అమ్మ చీరో అక్క చీరో కట్టుకుని వస్తారు. మగపిల్లలు పంచె కట్టో, ఇన్‌షర్ట్ చేసుకుని కళ్లజోడు పెట్టుకునో వస్తారు. ఒకరు ప్రధానోపాధ్యాయులు, ఒకరు మండల విద్యాధికారి, ఒకరు కలెక్టరు. ఆరో తరగతికి పాఠం చెబుతారు. సాయంత్రం సభలో తమ అనుభవాలు చెప్పుకుంటారు, బహుమతులు అందుకుంటారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది.

ఈ ప్రదర్శనలోని మేలును తక్కువ చేయరాదు. ఇంట్లో తొలిసారి బడి మెట్లెక్కిన పిల్ల నలభై మంది ముందు నిలబడి నలభై నిమిషాలు మాట్లాడటం చిన్న విషయం కాదు. పాఠం చెప్పడానికి ముందురోజు రాత్రి కూర్చుని చదివిన పిల్లలకు ఉపాధ్యాయుల కష్టం కొంతైనా తెలుస్తుంది. అనుకరణ పిల్లలకు సహజమైన నేర్పరితనం. బొమ్మరిల్లు కట్టి బువ్వలాట ఆడే వయసు నుంచీ వాళ్లు పెద్దల ప్రపంచాన్ని అలాగే అర్థం చేసుకుంటారు.

విమర్శకుడు ఇక్కడే ఒక ప్రశ్న వేయాలి: అనుకరిస్తున్నది దేన్ని? జాగ్రత్తగా గమనిస్తే పిల్లలు అనుకరించేది అధికారపు బాహ్యరూపాన్ని. కళ్లజోడు, గంభీరమైన నడక, గద్దింపు, చాలా చోట్ల చేతిలో బెత్తం. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షను బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. అయినా పిల్లల వేషంలో ఉపాధ్యాయుడి గుర్తు బెత్తమే అయినప్పుడు, అది చూసి సభ నవ్వినప్పుడు, ఆ నవ్వులో చట్టం మాసిపోతుంది. అద్దంలో తమ రూపం ఎలా ఉందో పెద్దలు ఆ ఒక్కరోజు కాస్త నిదానంగా చూసుకుంటే మంచిది.

రెండో ప్రశ్న పాత్రల పంపకానిది. ప్రధానోపాధ్యాయుల పాత్ర ఎవరికి ఇచ్చారు? బాగా చదివే పిల్లకు, చక్కగా మాట్లాడే పిల్లవాడికి, ఊళ్లో పేరున్న ఇంటివాళ్లకు. మరి గంట కొట్టే అటెండరు పాత్ర? వంట చేసే అమ్మ పాత్ర? ఈ పంపకాన్ని ఒక కాగితం మీద రాసి చూస్తే, నటన అనుకున్నది కొంతవరకు బయటి సమాజపు వరసేనని తేలవచ్చు. మీరు పనిచేసే బడిలోనో, మీ పిల్లలు చదివే బడిలోనో ఈ పరిశీలన చేసి చూడండి.

మూడోది, అన్నిటికంటె ముఖ్యమైనది. స్వపరిపాలన అనే మాటకు మన చరిత్రలో బరువుంది. తమను తాము పాలించుకునే హక్కు కోసం ఒక దేశం పోరాడిన మాట అది. ఆ పేరు పెట్టుకున్న రోజున పిల్లలు తమ గురించి తాము తీసుకునే నిర్ణయం ఒక్కటీ ఉండదు. ఒక నియమం మారదు, ఒక రూపాయి ఖర్చు కాదు, ఒక ఫిర్యాదు విచారణకు రాదు. పాలన ఉంటుంది, స్వపాలన ఉండదు. ఇది నాటకానికి ఉండే లోపం కాదు, నాటకానికి పాలన అని పేరు పెట్టడంలోని లోపం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
స్వపరిపాలన దినోత్సవంలో పిల్లలు అనుకరించేది అధికారాన్నా, బాధ్యతనా? మీరు చూసిన ఒక సందర్భం ఆధారంగా పది పంక్తులకు మించకుండా రాయండి.

9.3 నమూనా శాసనసభ, యువజన పార్లమెంటు

ఒక బడి ఆవరణలో జరిగేది రాష్ట్రస్థాయిలో జరిగితే ఎలా ఉంటుందో 2025 నవంబరు 26న చూశాం. రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిగింది. రాష్ట్రంలోని 175 నియోజకవర్గాలకు 175 మంది విద్యార్థులు. ఆ లెక్కన శ్రీశైలానికి ఒకరు, నంద్యాలకు ఒకరు, ఆళ్లగడ్డకు ఒకరు. పిల్లలే సభాపతి, పిల్లలే ముఖ్యమంత్రి, పిల్లలే ప్రతిపక్షం.

ప్రభుత్వ బడి పిల్లలు రాజధానిలో నిలబడి బిడియం లేకుండా మాట్లాడటాన్ని ఎవరైనా మెచ్చుకోవలసిందే. సభలో ప్రతిపక్షానికి కూడా స్థానం ఉంటుందని, ఎదుటివారు చెప్పేది పూర్తిగా విన్నాకే జవాబివ్వాలని నేర్పడం నేటి రోజుల్లో అవసరం కూడా. అయితే తెలుగులో రెండు దగ్గరి మాటలున్నాయి: ఎన్నిక, ఎంపిక. ఎన్నికైనవాడు తనను ఎన్నుకున్నవారికి బాకీపడతాడు. ఎంపికైనవాడు తనను ఎంపిక చేసినవారికి బాకీపడతాడు. పోటీల్లో నెగ్గి నియోజకవర్గం పేరుతో సభలో కూర్చున్న విద్యార్థి ఎంపికైన ప్రతిభావంతుడు. అతన్ని ఆత్మకూరులోనో వెలుగోడులోనో ఏ తరగతీ తన తరఫున మాట్లాడమని పంపలేదు. తిరిగి వచ్చాక ‘మా సంగతి ఏం మాట్లాడావు?’ అని అడిగే హక్కు కూడా ఏ తరగతికీ లేదు. ప్రతిభకు ఇది తగిన వేదికే. ప్రాతినిధ్యం అనిపించుకోవాలంటే మాత్రం పంపినవాళ్లు ఉండాలి.

ఇటువంటి ప్రదర్శనకు దేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1962లో బొంబాయిలో జరిగిన అఖిల భారత విప్‌ల నాలుగో సమావేశం, విద్యాసంస్థల్లో నమూనా పార్లమెంటులు నడపాలని సిఫారసు చేసింది. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966–67లో ఢిల్లీ బడుల్లో యువజన పార్లమెంటు పోటీలు మొదలుపెట్టింది. 1988లో కేంద్రీయ విద్యాలయాలకు, 1997–98లో జవహర్ నవోదయ విద్యాలయాలకు ఆ పథకం విస్తరించింది. పోటీ కాబట్టి మార్కులుంటాయి. క్రమశిక్షణకు, సభామర్యాదకు, పార్లమెంటరీ విధానాన్ని పాటించినందుకు, ప్రశ్నల ఎంపికకు, ఉపన్యాసాల స్థాయికి మార్కులు వేస్తారు. ఈ అంశాలన్నీ సభ లోపలివి. సభ ముగిశాక ఏమైంది అన్నదానికి అందులో చోటు లేదు. ప్రశ్నోత్తరాల సమయంలో ‘తాగునీటి పథకం ఎంతవరకు వచ్చింది?’ అని ఒక విద్యార్థి అడుగుతాడు. మంత్రి వేషంలోని విద్యార్థి కంఠతా పట్టిన జవాబు చెబుతాడు. ఇద్దరికీ మార్కులు వస్తాయి. ఆ బడి కుళాయిలో నీళ్లు రాకపోయినా ఆ మార్కులు తగ్గవు.

ఇంకొక సంగతి. ప్రజాస్వామ్యానికి నమూనాగా మనం ఎప్పుడూ శాసనసభనే ఎందుకు తీసుకుంటున్నాం? 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది. గ్రామసభలో ప్రతినిధులు మాత్రమే కాదు, ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే. లెక్క అడగవచ్చు, పని ఎందుకు ఆగిందో నిలదీయవచ్చు. బడికి సరిపోయే నమూనా ఇదే. నాలుగు వందల మంది పిల్లలున్న బడిలో యాభై మంది వేదికెక్కి, మిగిలిన మూడు వందల యాభై మంది ప్రేక్షకులయ్యే రూపం కంటె, ఒక తరగతి మొత్తం గుండ్రంగా కూర్చుని తమ సంగతి తాము తేల్చుకునే రూపం పిల్లలకు దగ్గరగా ఉంటుంది. పొరుగున ఉన్న కర్ణాటకలో గ్రామ పంచాయతీలు ‘మక్కళ గ్రామసభ’ పేరుతో పిల్లల కోసం గ్రామసభలు జరపడం ఈ దారిలో గమనించదగిన ప్రయత్నం. అక్కడ పిల్లలు పంచాయతీ సభ్యులుగా నటించరు. నిజమైన పంచాయతీ సభ్యులు, అధికారులు వచ్చి కూర్చుంటే పిల్లలు తమ సమస్యలు చెబుతారు.

9.4 క్లాస్ లీడరు ఎవరి మనిషి?

దినోత్సవాలు ఏడాదికొకసారి. ఏడాది పొడుగునా బడిలో కనిపించే విద్యార్థి పాలన ‘క్లాస్ లీడరు’, బడి మొత్తానికి ‘ఎస్.పి.ఎల్.’. చాలా బడుల్లో ఈ ఇద్దరి పని ఏమిటి? ఉపాధ్యాయుడు లేని పీరియడులో బల్ల దగ్గర నిలబడటం, మాట్లాడినవాళ్ల పేర్లు నల్లబల్ల మీద రాయడం, చాక్‌పీసులు తేవడం, హోంవర్కు పుస్తకాలు స్టాఫ్‌రూమ్‌కు మోయడం, ప్రార్థన దగ్గర వరసలు సరిచేయడం.

ఈ పనులన్నిటిలో ఒక పోలిక ఉంది. మాట పైనుంచి కిందికి మాత్రమే ప్రయాణిస్తుంది. పిల్లల మాటను ఉపాధ్యాయుల దగ్గరికి తీసుకెళ్లడం లీడరు పనుల జాబితాలో లేదు. నల్లబల్ల మీద రాసే పేర్లలో తన స్నేహితుల పేర్లు లేకపోవడం, తనకు పడనివాళ్ల పేరు పక్కన ఇంటూ గుర్తులు పెరగడం అందరికీ అనుభవమే. పిల్లలు అధికారం గురించి నేర్చుకునే తొలిపాఠం ఇది: పేరు రాసేవాడి దగ్గర మంచిగా ఉండాలి. పౌరశాస్త్రం పుస్తకంలో ప్రజాస్వామ్యం గురించి ఎన్ని పేజీలున్నా ఈ పాఠమే లోతుగా నాటుకుంటుంది, ఎందుకంటే అది చదివినది కాదు, బతికినది.

ఇందుకు పిల్లల్ని తప్పుపట్టలేం. లీడరు పదవికి పనుల జాబితా రాసింది పెద్దలు. నల్లబల్ల మీద అల్లరి చేసినవాళ్ల పేర్లకు బదులు ‘ఈ వారం తరగతి అడుగుతున్నవి’ అని మూడు పంక్తులు రాయించి, శనివారంలోగా తరగతి ఉపాధ్యాయుడు వాటి పక్కన జవాబు రాస్తే, అదే లీడరు అదే చాక్‌పీసుతో ప్రతినిధి అవుతాడు. దీనికి నిధులు అక్కర్లేదు, ఉత్తర్వులు అక్కర్లేదు. ‘కుదరదు, కారణం ఇది’ అని రాసినా జవాబే. జవాబు లేకపోవడమే అసలు సమస్య.

చట్టం కూడా ఈ దిశనే చూపుతోంది. భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు అభిప్రాయం చెప్పవచ్చునని, వారి వయసుకు, పరిణతికి తగినట్లు ఆ అభిప్రాయానికి విలువ ఇవ్వాలని చెబుతుంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే. మిగిలిన స్థానాల్లో కొన్నింటిని స్థానిక విద్యావేత్తలతో గాని, బడి పిల్లలతో గాని నింపవచ్చునని 2010 నాటి కేంద్ర నమూనా నియమాలు సూచించాయి. తలుపు కొంచెం తెరిచే ఉంది. లోపలికి పిలవడమే తరువాయి.

9.5 క్లబ్బులు: రిజిస్టరులో ఉన్నవి, బడిలో ఉన్నవి

విద్యార్థి పాలనకు రెండో రూపం క్లబ్బులు. కేంద్ర పర్యావరణ శాఖ 2001–02లో ప్రారంభించిన జాతీయ హరిత దళం కింద బడుల్లో ఎకో క్లబ్బులు ఏర్పడ్డాయి. 2018లో ఎన్నికల సంఘం ఓటరు అక్షరాస్యతా క్లబ్బులను ప్రారంభించింది. 9 నుంచి 12వ తరగతి వరకు చదివే ‘రేపటి ఓటర్లు’ వాటిలో సభ్యులు. ఇవి కాక సైన్సు క్లబ్బు, గణిత క్లబ్బు, ఆరోగ్య క్లబ్బు, సాహిత్య సంఘం.

ఇన్ని క్లబ్బులు ఉండటంలో తప్పు లేదు. అవి పుట్టిన తీరు మాత్రం చూడాలి. క్లబ్బు అంటే ఒకే ఆసక్తి ఉన్నవాళ్లు తమంతట తాము కూడటం. మన బడుల్లో క్లబ్బు ఉత్తర్వుతో పుడుతుంది. సభ్యుల పేర్లు ఉపాధ్యాయుడు రాస్తాడు, తీర్మానాల పుస్తకం ఉపాధ్యాయుడు నింపుతాడు, ఫొటో తీసి పైకి పంపుతాడు. బోధన, యాప్‌లు, హాజర్లు, లెక్కల మధ్య నలుగుతున్న ఉపాధ్యాయుడికి ఇదొక అదనపు రిజిస్టరు. అదే పిల్లలు ఒకే నెలలో నాలుగు క్లబ్బుల్లో సభ్యులై ఉంటారు, ఏ క్లబ్బులో ఉన్నదీ వాళ్లకు తెలియదు.

శ్రీశైలం వంటి చోట ఈ శూన్యం మరీ కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అంచున ఉన్న బడిలో ఎకో క్లబ్బు వేసవికి ముందు నాలుగు మొక్కలు నాటి ఫొటో దిగితే అది పర్యావరణ విద్య కాదు. అక్కడి పిల్లల కళ్లముందే అసలు పాఠాలున్నాయి. శివరాత్రికి, ఉగాదికి అడవి దారుల్లో నడిచివచ్చే వేలాది భక్తులు వదిలే ప్లాస్టిక్ ఎంత? ఏ మలుపు దగ్గర ఎక్కువ పడుతోంది? కోతులు ఏ చెత్తకుండీని ముందు తిరగేస్తున్నాయి? గూడెం నుంచి వచ్చే పిల్లలకు తేనె, గడ్డలు, ఆకులు, జంతువుల అడుగుజాడల గురించి తెలిసినది ఎంత? ఆ క్లబ్బులో అధ్యక్షస్థానం తరగతిలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాడిదా, అడవి తెలిసిన చెంచు పిల్లదా? ఈ ఒక్క ప్రశ్నతో క్లబ్బు స్వభావమే మారిపోతుంది. తరగతి గదిలో వెనక కూర్చున్నవారు ముందుకు వచ్చే చోటు క్లబ్బు కావాలి. తరగతి ర్యాంకులనే మళ్లీ వల్లించే క్లబ్బు తరగతికి మరో పీరియడు మాత్రమే.

ఓటరు అక్షరాస్యతా క్లబ్బు విషయంలోనూ అంతే. ఓటు విలువ మీద వ్యాసరచన పోటీ పెట్టడం సులువు. అదే క్లబ్బుకు బడి ఎస్.పి.ఎల్. ఎన్నిక నడిపే పని అప్పగిస్తే? ఓటర్ల జాబితా తయారీ, నామినేషన్లు, పరిశీలన, రహస్య ఓటింగు, లెక్కింపు అన్నీ పిల్లలే చేస్తారు. పోటీచేసేవారు తరగతి తరగతికీ వెళ్లి ‘గెలిస్తే ఏం చేస్తాను’ అని చెప్పాలి. మూడు నెలల తరవాత అదే క్లబ్బు ‘చెప్పినదాంట్లో ఎంత చేశావు?’ అని అడగాలి. అప్పుడు క్లబ్బుకు పని ఉంటుంది, ఎన్నికకు అర్థం ఉంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
మీకు తెలిసిన బడిలో ఒక క్లబ్బును ఎంచుకుని, దాని రిజిస్టరులో ఉన్న పనికి, బడిలో కనిపించే పనికి తేడాను రాయండి.

9.6 రెండు ఉదాహరణలు

విద్యార్థి పాలన నిజంగా సాధ్యమా అన్న సందేహానికి రెండు అనుభవాలు జవాబు చెబుతాయి.

మొదటిది రాజస్థాన్‌లోని తిలోనియా. అజ్మీర్ జిల్లాలోని ఈ ఊరు కేంద్రంగా 1972 నుంచి పనిచేస్తున్న బేర్‌ఫుట్ కాలేజి, పగలు మేకలు, గొర్రెలు కాచుకునే పిల్లల కోసం రాత్రిబడులు నడిపింది. ఆ బడుల పిల్లలే ఓటువేసి ఎన్నుకునే బాలల పార్లమెంటు 1993లో మొదలైంది. అందులోని మంత్రులు వేషం వేసుకుని ఉపన్యాసాలు ఇవ్వరు. రాత్రిబడికి ఉపాధ్యాయుడు వస్తున్నాడా, పలకలు, పుస్తకాలు అందుతున్నాయా, దీపాలు వెలుగుతున్నాయా అని చూస్తారు. లోపాలుంటే బడులు నడిపే సంస్థ ముందు పెడతారు. పగటిపూట మేకలు కాచే పిల్ల రాత్రికి మంత్రిగా పెద్దలను ప్రశ్నించగలిగితే, గూడెం పిల్ల ఆశ్రమ పాఠశాలలో ప్రశ్నించలేకపోవడానికి కారణం పిల్లలో వెతకకూడదు.

రెండోది ఇంగ్లండులోని సమ్మర్‌హిల్. ఎ.ఎస్. నీల్ 1921లో స్థాపించిన ఈ బడిలో నియమాలను నిర్ణయించేది పాఠశాల సభ. అందులో ఆరేళ్ల పిల్లవాడికీ ఒకే ఓటు, నీల్‌కూ ఒకే ఓటు. ప్రభుత్వ తనిఖీల తరవాత ఆ బడి మూతపడే ప్రమాదం వచ్చి, 2000 మార్చిలో లండన్ న్యాయస్థాన భవనంలో విచారణ జరిగింది. రాజీ ప్రతిపాదన వచ్చినప్పుడు పెద్దలే సంతకం చేసి ముగించలేదు. కోర్టు గదిలోనే పిల్లలు సభ జరిపి, చర్చించి, ఓటువేసి ఆ ప్రతిపాదనను అంగీకరించారు. అక్కడ కూడా సభ ఉంది, సభాపతి ఉన్నాడు, ఓటు ఉంది. మన నమూనా సభల్లోనూ ఇవన్నీ ఉంటాయి. అక్కడ ఓటు వ్యతిరేకంగా పడితే ఫలితం మారేది. తేడా ఇదొక్కటే, కాని అన్నీ ఇందులోనే ఉన్నాయి.

సమ్మర్‌హిల్ ఫీజు కట్టగలవారి చిన్న ప్రైవేటు వసతి బడి. దాన్ని యథాతథంగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు తెచ్చి అతికించలేం. హాజరు తప్పనిసరి కాదన్న దాని పద్ధతి మనకు మేలు చేయకపోవచ్చు కూడా. మనం తీసుకోదగినది దాని నియమాలను కాదు, నిర్ణయానికి ఫలితం ఉండాలన్న సూత్రాన్ని.

9.7 ఒక ఆక్షేపణ: బడిలోకి రాజకీయాలా?

ఇంతవరకు చెప్పినదానికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పెద్దలు దాన్ని తేలికగా అనరు. ఊళ్లలో వర్గాలు, కక్షలు ఎన్ని కుటుంబాలను పాడుచేశాయో చూసినవారు, ‘బడిలో ఎన్నికలు పెడితే ఊరి గొడవలు పిల్లల మధ్యకు వస్తాయి. కులం పేరుతో ఓట్లు పడతాయి’ అంటారు. మన రాష్ట్రంలో కళాశాలల విద్యార్థి సంఘ ఎన్నికలు 1980ల చివర ఆగిపోవడానికి కూడా హింసే కారణంగా చూపారు. 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ సిఫారసులు డబ్బు, కండబలం తగ్గించే నియమాలు పెట్టాయి. అయితే అవి కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు ఉద్దేశించినవి, ఉన్నత పాఠశాలలకు కావు.

ఈ భయాన్ని కొట్టిపారేయరాదు. కాని భయం చూపుతున్న దారిని పరీక్షించాలి. ఎన్నిక లేకుండా ఎంపికతో సరిపెడితే కులం, వర్గం బడి బయటే ఆగుతాయా? ఉపాధ్యాయుడు లీడరును ఎంపిక చేసినప్పుడు కూడా ఎవరింటి పిల్లవాడో అందరికీ తెలుసు. ఎన్నికలో అది బయటపడుతుంది, ఎంపికలో దాగి ఉంటుంది. పదిహేనేళ్ల వయసులో, ఉపాధ్యాయుల కళ్లముందు, పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేని చోట ఓడిపోవడం నేర్చుకోనివాళ్లు, పాతికేళ్ల వయసులో పంచాయతీ ఎన్నికల్లో ఓటమిని ఎలా భరిస్తారు? ఓడినవాడు గెలిచినవాడితో కలిసి మర్నాడు అదే బల్ల మీద కూర్చోవలసిన చోటు బడి ఒక్కటే. కక్షలు చూసిన ప్రాంతానికి ఈ పాఠం మరింత అవసరం.

వర్గాలు బలపడకుండా చూసే ఉపాయాలు కూడా ఉన్నాయి. పదవీకాలం మూడు నెలలకే పరిమితం చేయవచ్చు. అందరికీ వంతు వచ్చేలా తిప్పవచ్చు. కొన్ని పదవులకు చీటీ తీయవచ్చు. తమిళనాడులోని ఉత్తరమేరూరులో 10వ శతాబ్దపు చోళ శాసనాలు ఊరి సభ్యులను కుండలో చీటీలు వేసి తీసే పద్ధతిని వివరిస్తాయి. ఆ చీటీని తీసేది లోపల ఏముందో తెలియని చిన్నపిల్లవాడు. పెద్దల సభకు పిల్లవాడి చేయి న్యాయాన్ని ఇచ్చిన చోటు అది. అయితే ఆ పోటీకి అర్హత భూమి, చదువు ఉన్నవారికే పరిమితమని కూడా అవే శాసనాలు చెబుతాయి. మనం చీటీని తీసుకుందాం, ఆ హద్దును వదిలేద్దాం.

9.8 విమర్శకు మూడు ప్రమాణాలు

ఏ బడిలోనైనా విద్యార్థి పాలనను విలువ కట్టడానికి మూడు ప్రశ్నలు చాలు.

మొదటిది: ఎవరు పంపారు? పిల్లలు ఎన్నుకున్నారా, పెద్దలు ఎంపిక చేశారా? పంపినవారికి తిరిగి పిలిచే వీలుందా?

రెండోది: దేన్ని నిర్ణయించగలరు? విషయం చిన్నదైనా ఫరవాలేదు. ఆటల పీరియడులో బంతి ఎవరికి ముందు, గ్రంథాలయం పుస్తకాలు ఇంటికి ఎన్నాళ్లు, విహారయాత్ర ఎక్కడికి, మధ్యాహ్న భోజనం రుచి చూసి పుస్తకంలో రాసేది ఎవరు. నిర్ణయం నిజమైనది కావాలి. పెద్దలు ముందే తేల్చిన విషయాన్ని పిల్లల చేత చప్పట్లతో ఆమోదింపజేయడం నిర్ణయం కాదు.

మూడోది: ఎవరు, ఎన్నాళ్లలో జవాబు చెప్పాలి? మొదటి రెండూ ఉండి ఇది లేకపోతే విద్యార్థి పాలన పిల్లలకు నిరాశనే నేర్పుతుంది. అడిగి అడిగి మానుకోవడం, అసలు అడగకపోవడం కంటె చేటు.

ఈ మూడు ప్రశ్నలతో పైన చూసిన రూపాలను తూచి చూడండి. స్వపరిపాలన దినోత్సవం మూడింటిలోనూ నిలవదు. మాక్ అసెంబ్లీ ప్రతిభను చూపుతుంది, రెండో, మూడో ప్రశ్నలకు మౌనంగా ఉంటుంది. ఇప్పటి క్లాస్ లీడరు పైవారికి జవాబు చెబుతాడు, కిందివారికి కాదు. నల్లబల్ల మీద మూడు పంక్తులు, వాటి పక్కన శనివారం జవాబు అన్న చిన్న ఏర్పాటు మూడో ప్రశ్నకు నిలుస్తుంది. లీడరును తరగతే ఎన్నుకుంటే మొదటిదానికీ నిలుస్తుంది. మొదలుపెట్టవలసింది అక్కడే. వేడుకలను మానేయనక్కర్లేదు. వేడుక రోజున పిల్లలు ప్రధానోపాధ్యాయుల కుర్చీలో కూర్చుంటే, ఆ కుర్చీలోంచి ఒక్క నిర్ణయమైనా తీసుకోనిచ్చి, మర్నాడు దాన్ని అమలు చేస్తే చాలు.

9.9 సారాంశం

ఉన్నత పాఠశాలల్లో విద్యార్థి పాలన ఎక్కువగా అభినయం రూపంలో కనిపిస్తుంది. స్వపరిపాలన దినోత్సవం, యువజన పార్లమెంటు, మాక్ అసెంబ్లీ పిల్లలకు ధైర్యం, భాష, సభామర్యాద నేర్పుతాయి. కాని ఎంపిక ఎన్నికకు బదులు కాలేదు, అభినయం నిర్ణయానికి బదులు కాలేదు. క్లబ్బులు ఉత్తర్వుతో కాక ఆ ప్రాంతపు జీవితంతో ముడిపడినప్పుడే బతుకుతాయి. ఊరి వర్గాలు బడిలోకి వస్తాయన్న భయానికి జవాబు ఎన్నికను మానడం కాదు, దాన్ని చిన్నదిగా, తరచుగా, రహస్య ఓటుతో నడపడం. పిల్లల మాటకు పెద్దలు గడువులోగా జవాబు ఇవ్వడమే విద్యార్థి పాలనకు అసలు పరీక్ష. చెప్పుకునే చోటు దొరికిన పిల్ల బడి వదిలి వెళ్లే అవసరం తగ్గుతుంది.

9.10 ముఖ్య పదాలు

ఎన్నిక: తమ తరఫున వ్యవహరించేవారిని సభ్యులే ఓటుతో నిర్ణయించుకోవడం.
ఎంపిక: పైస్థాయివారు ప్రతిభ లేదా అనుకూలత చూసి ఒకరిని నియమించడం.
అభినయం: ఫలితంతో సంబంధం లేకుండా ఒక పాత్రను అనుకరించడం.
జవాబుదారీతనం: అడిగినవారికి, నిర్ణీత గడువులో, కారణంతో సహా సమాధానం ఇవ్వవలసిన బాధ్యత.

9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. స్వపరిపాలన దినోత్సవాన్ని ఒక ప్రదర్శనగా విమర్శించండి.
2. ‘బడిలో ఎన్నికలు పెడితే ఊరి వర్గాలు లోపలికి వస్తాయి’ అన్న అభిప్రాయాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. తిలోనియా బాలల పార్లమెంటుకు, యువజన పార్లమెంటు పోటీలకు తేడా ఏమిటి?
2. గ్రామసభ బడికి తగిన నమూనా ఎందుకవుతుంది?
3. మీ ప్రాంతపు ప్రత్యేకతను బట్టి ఎకో క్లబ్బుకు మూడు పనులు సూచించండి.